రాతి మీద లేని పేర్లు

ఊరి చరిత్ర అనగానే గుడితోనో కోటతోనో మొదలుపెట్టడం మనకలవాటు. మా మక్తల్ అంటే పడమటి ఆంజనేయస్వామి. గద్వాల అంటే కోట, ఆ వెంటనే చీరలూను! మరి పాలమూరు అంటే? నేనైతే మిషన్ కాంపౌండు అంటాను.

ఆశ్చర్యపోకండి. పాలమూరులో ఆ మిషన్ మహబూబ్‌నగర్ అన్న పేరుకంటే పాతది. ఎల్బర్ట్ ఛూట్ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1885లోనే అక్కడ మకాం పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు ఊరికి వచ్చింది 1890లో. 1937లో పాలమూరు, గద్వాల మిషన్లు రెండూ మెన్నొనైట్ బ్రదరెన్ వారి చేతికి వచ్చాయి. తుపాకి పట్టబోమని పట్టుబట్టి, రష్యా వదిలి అమెరికా వెళ్లిన కుటుంబాలు వాళ్లవి. వలసలకు పేరుపడ్డ మన జిల్లాకు వలసవాళ్లే రావడం చూడండి!

నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండల్లోనూ వాళ్ల మిషన్లు వెలిశాయి. మెదక్ చర్చిలా ఆకాశాన్నంటే గోపురాలు ఇక్కడ వెతక్కండి. గుడి చుట్టూ బడీ, మందుల గదీ ఉంటే చాలు, అదొక పేట అయ్యేది.

శంషాబాద్ అనగానే ఇప్పుడు మనకు విమానాలు గుర్తొస్తాయి. కానీ 1928 నుంచి అక్కడి మిషన్ ఆసుపత్రిలో వైద్యం చేసింది కేథరీనా షెలెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ. రష్యాలో పుట్టి, అమెరికాలో పెరిగి, 1907లో మన దేశానికి వచ్చి, 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూసింది. మగ డాక్టరుకు చెయ్యి చూపడానికే సిగ్గుపడే రోజుల్లో ఆడ డాక్టరు ఉండటం ఎంత ధైర్యమో, కాన్పులైన మనకు వేరే చెప్పాలా?

ఆవిడ పేరైనా పుస్తకాల్లో ఉంది. మరి బైబిలు స్త్రీల మాటేమిటి? మన తెలుగు ఆడవాళ్లే. చాలామంది పేదింటివాళ్లు. ఎండలో పల్లె పల్లెకూ నడిచి, గడప గడపకూ వెళ్లి కథలు చెప్పారు, పాటలు నేర్పారు, కొందరు అక్షరాలూ దిద్దించారు. మా వీధిలో ఒక పెద్దమ్మను అడిగాను, అలాంటావిడ పేరేమైనా గుర్తుందా అని.

"పేరెవరికెరుక బిడ్డా? బైబులమ్మ అనేటోళ్లం. నా సంతకం ఆమె నేర్పిందే," అంది.

చూశారా! సంతకం మిగిలింది, నేర్పినావిడ పేరు మిగల్లేదు. కట్టించినవారి పేర్లు గోడలోని రాయి చూసుకుంటుంది. గోడ పడగొట్టి పెద్ద చర్చి కట్టినా, ఆ రాయిని తీసి కొత్త గోడలో పెడతారు. బైబులమ్మలకు ఆ రాయి కూడా లేదు. ఉన్నదల్లా ముసలమ్మల జ్ఞాపకం, అదీ ఏడాదికేడాదికి తరిగిపోతోంది.

మతం ఏదైనా కానివ్వండి, మీ ఇంట్లో అవ్వకు తొలి అక్షరం ఎవరు దిద్దించారో ఈ ఆదివారం అడగండి. పేరు చెప్తే, పచ్చళ్ల లెక్క రాసే పుస్తకంలోనైనా సరే, రాసిపెట్టండి.