పన్నెండు ఫోటోల రీలు

మా చిన్నప్పుడు వేములవాడ శివరాత్రి జాతరలో నాకు రెండు కెమెరాలు కనిపించేవి. ఒకటి బొమ్మల దుకాణంలోది. ఆ ప్లాస్టిక్ డబ్బాను కంటికి ఆనించి మీట నొక్కితే దేవుళ్లు, చార్మినార్, తాజ్‌మహల్ వరసగా తిరిగేవి. రెండోది మా మేనమామ మెడలోది, అగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ చేసిన ఈ కెమెరా ఎన్నో మధ్యతరగతి ఇండ్లకు మొదటి కెమెరా.

అందులో 120 రీలు పట్టేది. రీలుకు 12 చదరపు ఫోటోలే. వెనక ఉన్న చిన్న ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ రీలు తిప్పాలి. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు. అంతకు మించి సవరించేది పెద్దగా ఉండదు. మొక్కుగా కోడెను కట్టే తాతను తీయాలా, తలనీలాలిచ్చిన తమ్ముణ్ని తీయాలా అని మామ చాలాసేపు ఆలోచించేవాడు. నా చేతికిచ్చినప్పుడు మాత్రం ఒకటే మాట: "ఊపిరి బిగవట్టు అల్లుడా. చెయ్యి కదిలితే మనిషి చెదిరిపోతడు."

రీలు కడిగించడానికి కరీంనగర్ టవర్ సర్కిల్ వైపు వెళ్లేవాళ్లం. ఒకసారి స్టూడియో ఆయన నన్ను చీకటి గదిలోకి రానిచ్చాడు. ఎర్రబల్బు వెలుగులో, మందునీళ్ల పళ్లెంలోని తెల్లకాగితం మీద ముందు మా అమ్మమ్మ కొప్పు, తర్వాత కండ్లు, ఆ తర్వాత నవ్వు తేలాయి. ఫోటో మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

ఫోన్ చేతికొచ్చాక వేలకొద్దీ తీశాను. మళ్లీ చూసుకున్నవి మాత్రం తక్కువ. మామ కెమెరా సందుగలో దొరికాక ఆ ప్రేమ తిరిగొచ్చింది. 120 రీళ్లు ఇప్పటికీ తయారవుతున్నాయి. 1982లో హాంకాంగ్‌లో పుట్టిన హోల్గా అనే ప్లాస్టిక్ కెమెరాలోనూ ఇదే రీలు. దాని ఫోటోల్లోని మసక అంచులను, లోపలికి దూరే వెలుతురును ఇష్టపడి ప్రపంచమంతటా కుర్రకారు ఆ కెమెరాను తెచ్చుకుంటున్నారు. నేను క్లిక్ త్రీతో ఎలగందుల కోటకు, మానేరు డ్యాం కట్టకు వెళ్తున్నాను. తీసేది కొద్దిగానే అయినా, నొక్కేముందు ఎదుటి మనిషితో మాట్లాడుతున్నాను, వెలుగు ఎటునుంచి పడుతుందో చూస్తున్నాను.

రీలుకున్న అసలు విలువ నాకు ఆదిలాబాద్ అడవుల్లో తెలిసింది. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య అక్కడి మార్లవాయిలో గోండు ఆదివాసుల మధ్య నివసించారు. హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. కాబట్టే ఆనాటి గోండుల ముఖాలను, నృత్యాలను, ఇండ్లను ఈ తరం చూడగలుగుతున్నది. మన ఇండ్లలోని నెగెటివ్‌లు మాత్రం చెమ్మకు ఒకదానికొకటి అంటుకుని పాడైపోతున్నాయి. మన ఊళ్ల చరిత్ర ఎంతో వాటిలోనే ఉంది.

పండక్కి ఊరికి వెళ్లినప్పుడు సందుగ తెరవండి. నెగెటివ్‌లను అంచులు పట్టుకుని తీసి, కాగితపు కవర్లలో వేసి, పొడిచోట దాచండి. ప్రతి కవరు మీద ఊరు, ఏడాది, మనుషుల పేర్లు రాయండి. ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఉండగానే ఈ పని చేయండి.