పుష్కరిణి చుట్టూ కాస్త జాగా

మాఘమాసం ఆదివారాల్లో అరసవల్లి వెళ్లినవాళ్లకి ఆ వాసన తెలుసు. పిడకల పొగ, పొంగుతున్న పాలు. ఇంద్రపుష్కరిణి దగ్గర ఆడవాళ్లు వరసగా పొయ్యిలు పెట్టి సూర్యనారాయణస్వామికి క్షీరాన్నం వండుతారు. 7వ శతాబ్దంలో కళింగ గంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే గుడి అది. మార్చిలో, అక్టోబరులో లేత కిరణాలు స్వామి పాదాలు తాకుతాయి.

శ్రీకాకుళం పెరుగుతూ వచ్చి అరసవల్లిని తనలో కలిపేసుకుంది. 2025లో అక్కడి రథసప్తమి రాష్ట్ర పండగ కూడా అయింది. చాలా సంతోషం. రోడ్లు వెయ్యండి, వసతి గదులు కట్టండి. పుష్కరిణి చుట్టూ ఉన్న ఖాళీ నేల జోలికి మాత్రం వెళ్లకండి. పేదా గొప్పా పక్కపక్కనే పొయ్యి పెట్టుకునే జాగా ఒకసారి పోయిందంటే, ఎన్ని కోట్లు పెట్టినా మళ్లీ రాదు.