లేని కాలి నొప్పికి ఇంటి ఖాతాలో చోటు

కాలు తొలగించిన తరువాత కూడా ఆ లేని పాదంలో మంట, పోటు, వేళ్లు మెలితిప్పినట్లుండే బాధ కొనసాగే స్థితిని వైద్యులు ఫాంటమ్ నొప్పి అంటారు. ఆ పేరును 1871లో అమెరికా వైద్యుడు సైలస్ వెయిర్ మిచెల్ వాడుకలోకి తెచ్చినా, ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే 16వ శతాబ్దంలోనే దానిని వర్ణించి ఉన్నాడు. మిగిలిన మొండికాలిలోనే పుట్టే నొప్పి దీనికి భిన్నమైనది. తెగిన నరం కొన ముడిపడి చిన్న గడ్డగా మారితే దానిని న్యూరోమా అంటారు, కృత్రిమ కాలి సాకెట్, అంటే మొండి ఇమిడే గిన్నె వంటి భాగం, ఆ గడ్డను ఒత్తినప్పుడల్లా కరెంటు కొట్టినట్లవుతుంది. ఈ రెండు నొప్పులూ ఒక రైతు ఇంటి జమాఖర్చులను ఎట్లా తారుమారు చేస్తాయో, రోడ్డు ప్రమాదంలో మోకాలి దిగువన కాలు కోల్పోయిన ఈ వ్యాసకర్త వడ్డాదిలో తన కుటుంబం తీసుకున్న డబ్బు నిర్ణయాల ఆధారంగా ఇక్కడ వివరిస్తున్నాడు.

వడ్డాది వంటి చోడవరం చుట్టుపక్కల పల్లెలు 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చినా, వాటి ఆదాయపు తీరు మారలేదు. చెరకును చక్కెర కర్మాగారానికి తోలినా, గానుగాడించి బెల్లాన్ని అనకాపల్లి మార్కెట్టుకు చేర్చినా, డబ్బు పంట కాలంలో ఒక్కసారిగా చేతికి వచ్చి తక్కిన ఏడాదంతా కరుగుతూ ఉంటుంది. నొప్పి ఖర్చు మాత్రం నెలనెలా వస్తుంది, కొన్నిసార్లు రాత్రికి రాత్రే వస్తుంది. ఏడాదికొకసారి వచ్చే రాబడితో ప్రతి నెలా ఎదురయ్యే ఖర్చును నెట్టుకురావడమే ఇక్కడి అసలు చిక్కు.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అనేది బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు మినహాయించుకొనే ప్రమాద బీమా. ప్రమాదంలో ఒక పాదాన్ని కోల్పోయినవారికి అది లక్ష రూపాయలు చెల్లిస్తుంది, మధుమేహం వల్ల కాలు తీయవలసివచ్చినవారికి వర్తించదు. ఆ లక్ష చేతికందగానే, "మంచి కాలొకటి ఒకేపాలి ఏయించేసుకో బావా, పీడా వొదిలిపోద్ది" అన్న సలహా బంధువుల నుంచి ప్రేమగానే వచ్చింది. అయితే శస్త్రచికిత్స తరువాత నెలల తరబడి మొండి వాపు తగ్గి సన్నబడుతూనే ఉంటుంది కనుక మొదటి సాకెట్ వదులు కాక తప్పదు. పైగా నొప్పి అదుపులో లేనివానికి ఎంత ఖరీదైన కాలు కొన్నా అది గోడకు ఆనించి ఉంచడానికే పనికివస్తుంది. అందువల్ల నొప్పికి ముందు, కాలికి తరువాత అన్న వరుసను ఈ కుటుంబం ఎంచుకొన్నది, ఈ వరుసే సరైనదని వ్యాసకర్త దృఢాభిప్రాయం. లక్షను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, నడకకు జైపూర్ పాదాన్ని ఆశ్రయించడం జరిగింది. 1968లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ రూపొందించిన ఈ పాదాన్ని 1975లో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఉచితంగా అమరుస్తుంది. చెప్పు లేకుండా గట్టు మీద నడవడానికి, తడి నేలలో దిగడానికి, బాసిపట్టు వేసుకొని కూర్చోవడానికి అనువుగా ఉండటం దాని విశేషం. సుధాచంద్రన్ నటించిన మయూరి చిత్రం చూసిన తెలుగువారికి ఈ పాదం సంగతి తెలిసినదే.

అసలు ఖర్చు గట్టు మీద మొదలవుతుంది. మొండికి తొడిగే నూలు మేజోడు ఉక్కపోతకు మధ్యాహ్నం కాకముందే తడిసిపోతుంది, తడిసిన మేజోడు చర్మాన్ని ఒరుస్తుంది, మొండి సన్నబడిన కొద్దీ ఒకదానిపై ఒకటిగా మేజోళ్లు పెంచుకుంటూ పోవాలి, వాటితోనూ సాకెట్ బిగుతు చాలనప్పుడు సాకెట్‌నే మార్చాలి. కాలు విప్పి తువ్వాలుతో తుడిచినప్పుడు ఎముక కొన దగ్గర కనిపించే ఎర్రని మచ్చ కొద్దిసేపటిలో మాయం కాకపోతే ఆ రోజు మళ్లీ కాలు తొడగకూడదు, తొడిగితే పుండు పడుతుంది. అట్లా ఆగిన రోజున చెరకుకు జడచుట్లు వేయడానికి కూలీని పెట్టుకోవలసిందే. ఆ కూలి డబ్బును అందరూ సాగు ఖర్చులోనే రాస్తారు. ఈ ఇంటి పుస్తకంలో మాత్రం దానిని నొప్పి పద్దు కింద రాయడం మొదలైంది. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి వెళ్లిన రోజున తోడు వచ్చినవారు పోగొట్టుకొన్న కూలి కూడా ఆ పద్దులోకే చేరింది. మందుల చీటీల మొత్తంకన్నా ఈ కూలీల మొత్తమే ఎక్కువని ఆ తరువాతే తెలిసింది.

మందుల విషయానికి వస్తే, నరాల నొప్పికి సాధారణ నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు గనుక వైద్యులు గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్ వంటివి రాస్తారు. వీటిని హఠాత్తుగా మానకూడదు, కాబట్టి నెల మొదట్లోనే జనౌషధి కేంద్రంలో చవక ధరకు జనరిక్ మాత్రలు కొని ఉంచడం మంచిది. నొప్పి పెరిగినప్పుడల్లా ఊరి ఆర్ఎంపీ వైద్యుని దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకొనే అలవాటు ఒక్కసారికి చౌకే గాని, ఏడాది పొడవునా చూస్తే అది డబ్బుకూ చేటు, మూత్రపిండాలకూ చేటు. 1990లలో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ప్రవేశపెట్టిన అద్దం చికిత్సకు కొన్ని వందల రూపాయల నిలువుటద్దం చాలు. రెండు కాళ్ల మధ్య దానిని నిలిపి, ఉన్న కాలిని కదుపుతూ అద్దంలో దాని ప్రతిబింబాన్ని చూస్తే, లేని కాలు కదులుతున్నట్లు మెదడు భావించి కొందరిలో బిగుసుకొన్న బాధ సడలుతుంది. అందరికీ ఫలితం ఉండదు. అయినా ఇంత తక్కువ ధరకు ప్రయత్నించదగిన ఉపాయం మరొకటి లేదు.

40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందినవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల పింఛను ఇస్తున్నది. నెలనెలా వచ్చే ఈ సొమ్మును నెలనెలా అయ్యే మందులకూ, మేజోళ్లకూ, కూలీలకూ కేటాయించి, చెరకు డబ్బు వచ్చినప్పుడు సాకెట్ మార్పు కోసం కొంత డిపాజిట్‌కు చేర్చడం ఈ ఇంటి పద్ధతి. రెండింటినీ కలిపేస్తే నొప్పి ముదిరిన నెలలో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, అప్పు చేయక తప్పదు. అంతకన్నా డ్వాక్రా సంఘం అప్పు, బ్యాంకులో బంగారంపై అప్పు ఎంతో మేలు. ఉద్యోగం చేసే కొడుకు పాత పన్ను విధానంలో ఉంటే, తనపై ఆధారపడిన తండ్రి వైకల్యానికి 75,000 రూపాయల మినహాయింపు కోరవచ్చు.

నొప్పి పద్దు వేరుపడిన తరువాత భూమి లెక్క కూడా తేటపడింది. ఇంటికి దూరంగా ఉన్న చెక్కలో చెరకు నష్టం తెస్తున్నదన్న నమ్మకం తప్పని, అక్కడికి నడిచి వెళ్లిన మరునాడు పెట్టవలసివచ్చిన కూలీలే ఆ నష్టమని పుస్తకం చూపించింది. ఆ చెక్కను పక్క రైతుకు కౌలుకు ఇచ్చి, ఇంటి వెనుక చెక్కను మాత్రం సొంత సాగులో ఉంచుకోవడం జరిగింది. కౌలు డబ్బు నేరుగా సాకెట్ డిపాజిట్‌కు పోతున్నది.