డబ్బా వెనక చిన్న అక్షరాలు

మా ఇంట్లో చేపల మేత రెండు లెక్కల్లో వస్తుంది. కైకలూరు దగ్గర మా బాబాయ్ చెరువులకి లారీల్లో దిగుతుంది. విజయవాడలో అక్క వాళ్ల ఫ్లాట్‌లో ఉన్న రెండడుగుల అక్వేరియానికి వంద గ్రాముల డబ్బాలో వస్తుంది. కిలో లెక్కన చూస్తే రెండోదే ఎన్నో రెట్లు ఖరీదు. అయినా దాని వెనక ఏం రాశారో చూసేవాళ్లు తక్కువ. ముందువైపు తళతళలాడే గోల్డ్ ఫిష్ బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మని చూసి కొనేస్తాం.

నేను మాత్రం చదువుతాను. అక్షరాలు మరీ చిన్నవైతే ఫొటో తీసి జూమ్ చేస్తాను. అక్క కొడుక్కి అదో తమాషా. "పిన్నీ, చేపల అన్నం మీద కూడా చదవాలా?" అంటాడు.

చెరువుల ఊళ్లో పెరిగినవాళ్లకి ఈ అలవాటు ఊరికే రాలేదు. నా చిన్నప్పుడు చెరువులో వెదురు కర్రలు పాతి, చిల్లులు పెట్టిన సంచులు కట్టి, వాటిలో తవుడూ వేరుశనగ చెక్కా నింపేవాళ్లు. బొచ్చె, శీలావతి వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి లాక్కుని తినేవి. కొనేముందు బాబాయ్ తవుడు గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసేవాడు, చిటికెడు నోట్లో వేసుకునేవాడు. ఊక కలిస్తే పళ్ల కింద తెలిసిపోతుంది. తర్వాత గుళికల మేత వచ్చింది. గుళికలో ఏం కలిసిందో నాలుకకి అందదు. అప్పట్నుంచి బస్తా మీది అంకెని నమ్మాల్సి వచ్చింది.

ఆ అంకె పేరు క్రూడ్ ప్రోటీన్. డబ్బా వెనక మొదటి లైన్లో 'మినిమమ్ 32%' అనో '45%' అనో ఉంటుంది. మనం దాన్ని పరీక్ష మార్కుల్లా చూస్తాం. నిజానికి ల్యాబ్‌లో మామూలుగా ప్రోటీన్‌ని నేరుగా కొలవరు. మేతలో నైట్రోజన్ ఎంతుందో కొలిచి, దాన్ని 6.25తో గుణిస్తారు. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్ ఉంటుంది కాబట్టి ఆ లెక్క. బాగానే ఉంది. కానీ నైట్రోజన్ ఒక్క ప్రోటీన్‌లోనే ఉండాలని లేదు కదా! యూరియా బస్తా మీద 46 శాతం నైట్రోజన్ అని ఉంటుంది, డెల్టాలో వరి చేను ఉన్న ఇంట్లో పిల్లాడికి కూడా ఆ అంకె తెలుసు. దాన్ని 6.25తో గుణించి చూడండి. 287.5 వస్తుంది. అంటే ఈ లెక్క ప్రకారం యూరియా అంత గొప్ప పోషకాహారం లేదు!

నవ్వుకోవడానికి చెప్పలేదు. 2007లో అమెరికాలో కుక్కలు, పిల్లులు కిడ్నీలు పాడై చనిపోతుంటే ఆరా తీశారు. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ కలిసిందని తేలింది. మెలమిన్‌లో నైట్రోజన్ యూరియాలో కంటే ఎక్కువ. టెస్టులో ప్రోటీన్ అంకె పెరుగుతుంది, ఒంటికి పట్టే ప్రోటీన్ మాత్రం ఉండదు. ఆ సరుకు కొంత చేపల మేతలోకి కూడా వెళ్లింది. ఆ మరుసటేడు చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడిందీ ఇదే మెలమిన్.

అందుకే ఆ అంకె చూశాక చూపు కిందికి, ఇన్‌గ్రీడియెంట్స్ దగ్గరికి దించాలి. సాధారణంగా బరువులో ఎక్కువున్నది ముందు రాస్తారు. ఫిష్ మీల్, రొయ్య పొడి, క్రిల్ లాంటివి ముందుంటే సంతోషం. గోధుమ పిండి ఉండటం తప్పేం కాదు, గుళిక కట్టాలన్నా నీళ్ల మీద తేలాలన్నా పిండి కావాలి. చూడాల్సింది ఇంకోటి. 'ఫిష్ మీల్, గోధుమ పిండి, గోధుమ గ్లూటెన్, గోధుమ తవుడు' అని రాసి ఉందనుకోండి. ఫిష్ మీల్ మొదటి ర్యాంకే. కానీ ఆ మూడు గోధుమల్నీ కలిపి తూకం వేస్తే ఎవరిది మొదటి ర్యాంకో? ఇక 'చేపలు, చేపల ఉత్పత్తులు' అని గుండుగుత్తగా రాసిన డబ్బాలంటే నాకు నమ్మకం తక్కువ. అందులో కండ ఉండొచ్చు, తలకాయలూ ముళ్లూ ఉండొచ్చు. యాష్ శాతం ఎక్కువగా ఉంటే ముళ్ల వాటా ఎక్కువని అనుమానించొచ్చు. ఫైబర్ ఎక్కువైతే తవుడు, ఊకల వాటా.

తడి మేతకీ పొడి మేతకీ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ ప్యాకెట్ మీద ప్రోటీన్ 5 శాతమే అని ఉంటే మొహం ముడుచుకుంటాం. అందులో 90 శాతం నీళ్లు. నీళ్లు తీసేసి లెక్కేస్తే ప్రోటీన్ 50 శాతం.

పోనీ ప్రోటీన్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదా అంటే, అదీ కాదు. ఫైటర్ చేప పురుగులు తినే జాతి, దానికి 40 పైన ఉంటే బాగుంటుంది. గోల్డ్ ఫిష్ అలా కాదు. అది మా బొచ్చె, శీలావతుల కుటుంబమే, వాటిలాగే దానికీ జీర్ణకోశంలో విడిగా పొట్ట అంటూ ఉండదు. కొంచెం కొంచెంగా, ఆకూ పిండీ కలిపి తినే ప్రాణి. దానికి 30 చుట్టుపక్కల చాలు. ఎక్కువైన ప్రోటీన్ మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకే వస్తుంది. చెరువులో అయితే ఎకరాల నీళ్లున్నాయి. రెండడుగుల తొట్టిలో ఎక్కడికి పోతుంది?

రంగురంగుల గుళికలు మన కోసం, చేప కోసం కాదు. చేప రంగు తేలాలంటే స్పిరులినా, అస్టాక్సాంథిన్ లాంటి పేర్లు లిస్టులో కనపడాలి. ఆ కెరోటినాయిడ్లని చేప తనంతట తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి.

అన్నిటికంటే నేను ముందు చూసేది తయారీ నెల. బెజవాడని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు కదా. మే నెలలో షాపు అద్దాల్లో ఎండకి కాగిన డబ్బాలో నూనె ముక్కిపోతుంది, విటమిన్ సి ఎగిరిపోతుంది. ఉత్త ఆస్కార్బిక్ యాసిడ్ అని కాకుండా 'ఆస్కార్బిల్ పాలీఫాస్ఫేట్' అని రాసి ఉంటే కాస్త ధైర్యం, అది తొందరగా చెడదు. నాలుగు చేపలకి కిలో డబ్బా చవకని కొనడం దండగ. మూత తీశాక రెండు మూడు నెలల్లో అయిపోయేంతే కొనాలి.

షాపుల్లో చిన్న ప్లాస్టిక్ కవర్లలో పిన్ను కొట్టి అమ్మే లూజు మేత ఇంకో రకం. ప్యాకెట్ మీద తయారీదారు చిరునామా, బరువు, నెల, ధర ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతున్నాయి. ఆ కవర్ మీద ఏమీ ఉండదు. నేనది ముట్టుకోను.

ఇదంతా అక్వేరియం వాళ్లకి సాధ్యం. నచ్చకపోతే డబ్బా మళ్లీ షెల్ఫులో పెట్టేసి పక్కది తీసుకుంటాం. బాబాయ్‌కి ఆ వీల్లేదు. పోయిన పంటలో పది నెలలకి కిలోన్నర తూగాల్సిన చేప కిలో దగ్గరే ఆగిపోయింది. బస్తా మీద 28 శాతం అని ఉంది. సొంత ఖర్చుతో ల్యాబ్‌కి పంపిస్తే 22 వచ్చింది. కంపెనీ మనిషి వచ్చి, "మీరు విప్పిన బస్తాలోంచి తీశారండీ, తేమ తగిలుంటుంది" అన్నాడు. చేపల మేత నాణ్యత కోసం మన రాష్ట్రంలో 2020లోనే ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఫిర్యాదు చేద్దామంటే బాబాయ్ మాట్లాడలేదు. మేత ఇచ్చేది డీలర్, అదీ అప్పు మీద. పంట పట్టాక ఆ బాకీ తీరాలి. బాకీ ఉన్నవాడితో పేచీ పెట్టుకుంటే మర్నాడు చెరువులో ఏం వెయ్యాలి?

మా కైకలూరు 2022లో ఏలూరు జిల్లాకి వెళ్లిపోయింది గానీ మేం ఇంకా కృష్ణా జిల్లా అనే చెప్పుకుంటాం. మొన్న ఆదివారం గుడివాడ మీదుగా అక్కడికి వెళ్తే కొత్త లోడు దిగుతోంది. బస్తా నోటికి కుట్టిన ట్యాగు తిప్పి చూశాను.

"నాలుగు నెలల పాతది బాబాయ్" అన్నాను.

"చూశానమ్మా" అన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి ట్యాగులన్నీ వరసగా ఫొటోలు తీశాడు. ఒక బస్తా విప్పకుండా, కుట్టుతో సహా, పక్కన పెట్టించాడు.