అక్షరాలకు వెలుగు

మా అబ్బాజాన్‌కు చూపు మందగించింది. అయినా రాత్రివేళ కంప్యూటరు ముందు కూర్చుని రాసుకోవడం ఆయన మానలేదు. అదే గదిలో పిల్లలు నిద్రిస్తారు గనుక పెద్ద దీపం వెలిగించరు. కీబోర్డు మీటల కింద వెలిగే చిన్న ఎల్‌ఈడీలే ఆయనకు ఆధారం. కాలక్రమంలో వాటిలో కొన్ని ఆరిపోయాయి, మిగిలినవి మసకబారాయి. "ఇక రాసింది చాలులే" అన్న ఆయన మాట మమ్మల్ని కలచివేసింది.

అది మెకానికల్ కీబోర్డు. మీటలన్నీ గట్టిగానే ఉన్నాయి. అందుచేత బాగుచేయడమే మేలనుకున్నాము. తీగను కంప్యూటరు నుంచి తీసివేసి, పెట్టె విప్పి, పాత టంకం కరిగించి ఎల్‌ఈడీలను తొలగించాము. ఎల్‌ఈడీకి దిశ ఉంటుంది: పొడవైన కాలు ధనధ్రువం, పొట్టిది రుణధ్రువం. తారుమారైతే వెలగదు.

వెలుగు పెంచడానికి రెండు దారులున్నాయి. నిరోధకం విలువ తగ్గిస్తే విద్యుత్ ప్రవాహం పెరుగుతుంది. కాని ఇటువంటి చిన్న ఎల్‌ఈడీ సాధారణంగా 20 మిల్లీ ఆంపియర్లకు మించి భరించదు, యూఎస్‌బీ 2.0 ద్వారం ఇచ్చేది మొత్తం 500 మిల్లీ ఆంపియర్లే. కనుక అంతే విద్యుత్తుతో ఎక్కువ కాంతినిచ్చే ఎల్‌ఈడీలను ఎంచుకున్నాము. రంగు మార్చలేదు, ఎర్రదానికి సుమారు 2 వోల్టులు చాలు, తెల్లదానికి దాదాపు 3 వోల్టులు కావాలి.

అబ్బాజాన్ రచన మళ్ళీ సాగుతున్నది. పెద్దలు ఒక పనిని విడిచిపెడితే వారి వయసును తలచుకునే ముందు, వారి చేతిలోని సాధనాన్ని ఒకసారి పరిశీలిద్దాం.