తాతగారి మిలిటరీ పెట్టె

అటక దులిపితే దుమ్మొక్కటే రాదు, పెద్దల నాటి వ్యవహారాలు కూడా కిందికి దిగుతాయని మా అవ్వ అనేది. పోయిన యేడు చైత్రమాసంలో మా ఆనేకల్లు కరగ వుత్సవానికి చుట్టాలు వస్తారని యింటికి సున్నం కొట్టించదలచి, అటక మీది సామానంతా దింపించినాను. యిత్తడి కొప్పెరలు, విరిగిన మగ్గపు పన్నెలు, అరిగిపోయిన నాడెలు, వీటన్నిటి వెనుక రంగు వెలిసిన పచ్చని యినుపపెట్టె. ఆ పెట్టెను మేము పుట్టినప్పటి నుంచీ యెరుగుదుము. యింట్లో అందరూ దానిని 'మిలిటరీ పెట్టె' అనేవారు.

మా తాత మగ్గం నేసినవాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బెంగుళూరంతా సైన్యమే. 1940లో పెట్టిన హిందుస్తాన్ విమాన కర్మాగారంలో అమెరికావారి విమానాలు మరమ్మతయ్యేవి. జాలహళ్ళి పక్కన యిటలీ దేశపు ఖైదీలను వుంచినారు. 1945లో యుద్ధం ముగిసిన తరువాత మిగిలిపోయిన సామానును 'డిస్పోజల్సు' అని అమ్మకానికి పెట్టినారు. తాత పట్టుచీరెల మూట బెంగుళూరులో అమ్ముకొని వచ్చేటప్పుడు యీ పెట్టెను కొన్నాడట, లెక్కపుస్తకాలకు చెదలు పట్టకుండా వుంటుందని.

ఆ పుస్తకాలన్నీ పైకి తీసి చూస్తే, అడుగున పాతగుడ్డలో చుట్టిన బరువైన వస్తువొకటి కనబడింది. విప్పినాను. చిన్న రేకుడబ్బా. పైన నోరు తెరిచి వుంది, లోపల స్ప్రింగుతో లేచే పలక వుంది. వొళ్ళంతా తుప్పు.

"యేమిటి నాయనా యిది?" అని మా అబ్బాయి అడిగినాడు.

నేను చూడగానే గుర్తుపట్టినాను. అది .303 రైఫిలు మ్యాగజీను. పది తూటాలు పట్టే డబ్బా. తూటాలేవీ లేవు, నయం.

హైస్కూలులో నేను యెన్.సి.సి. కుర్రవాణ్ణి. గురిచూసి కాల్చేది చిన్న .22 రైఫిలుతో. క్యాంపుకు పోతే తుడిచే పని మాత్రం .303కు కూడా తగిలేది. మాకు నేర్పిన హవల్దారును వుస్తాద్ అనేవారము. ఆయన మా చేతికి చిందీ అనే గుడ్డపీలికలు, కాసింత నూనె యిచ్చి, ముక్కు మీద వేలుంచుకొని నిలబడేవాడు. కాల్చిన రైఫిలు గొట్టంలో మొదట నూనె పోసినవాడికి మొట్టికాయ తప్పదు. "లోపల మందు విడిచిన వుప్పు వుంటుంది రా. వుప్పు నూనెకు కరగదు, వేడినీళ్ళకే కరుగుతుంది. వుప్పు మీద నూనె పూస్తే పైకి నిగనిగలాడుతుంది, కింద తుప్పు పెరుగుతుంది" అనేవాడు. ఆ మాట యిన్నేళ్ళకు మళ్ళీ పనికివస్తుందని నేననుకోలేదు.

ఆ ఆదివారమంతా నాకు పండుగే. మా ఆవిడ "సున్నం వాళ్ళు వచ్చేవేళకు మీరు తుప్పుతో కూర్చున్నారా?" అని కసురుతూనే వుంది. ముందు పలక వెనుక కొసను బొటనవేలితో అదిమినాను. ముందు కొస పైకి లేచి పెదవుల నుంచి విడివడింది. పలకతో పాటు స్ప్రింగు బయటికి వచ్చింది. అది చుట్లు చుట్టిన తీగ కాదు, మడతలు మడతలుగా వంచిన వుక్కుపట్టీ. దానిని సాగదీయకూడదు, సాగదీస్తే బిగువు పోతుంది. అన్నిటినీ కిరసనాయిలులో రాత్రంతా నానబెట్టినాను. మరునాడు ఆఫీసుకు సెలవు పెట్టి, పాత పళ్ళబ్రష్షుతో రుద్దినాను. మూలలకు వెదురుపుల్లకు గుడ్డ చుట్టి తోడినాను. గరుకుకాగితం వేయలేదు, అది తుప్పుతో పాటు పలుచని రేకును, దాని నల్లపూతను కూడా తినేస్తుంది. యిత్తడికి పట్టించినట్టు చింతపండు పట్టిద్దామని మా ఆవిడ అన్నది. యినుముకు పులుపు తగిలి తడి నిలిస్తే తుప్పు రెట్టింపవుతుందని చెప్పినాను. చివరకు పొడిగుడ్డతో తుడిచి, పైన వొక చుక్క నూనె రాసినాను. లోపల నూనె నిలవనీయకూడదు, దుమ్ము పట్టుకొని పలక కదలదు.

పని చేస్తూ అబ్బాయికి కథలు చెప్పినాను. యిలా తీసి పెట్టుకొనే డబ్బాకు 1879లో పేటెంటు పొందినవాడు జేమ్స్ ప్యారిస్ లీ. స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసినవాడు. బ్రిటిషువారు 1888లో ఆ పద్ధతి తీసుకొన్నప్పుడు డబ్బాకు యెనిమిది తూటాలే పట్టేవి, తరువాత పది చేసినారు. 1895 నుంచి దానికి లీ ఎన్‌ఫీల్డు అని పేరు. మన దేశంలో కలకత్తా దగ్గరి యీషాపూరు ఫ్యాక్టరీలో చేసేవారు. .303 తూటా అడుగున అంచు వుంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుగా కూర్చోవాలి, వెనుకబడితే రైఫిలు మొరాయిస్తుంది. "ఎన్‌ఫీల్డంటే బుల్లెట్ బండి కదా నాయనా?" అన్నాడు వాడు. ఆ సైకిళ్ళ కంపెనీవారు ఎన్‌ఫీల్డు ఆయుధాల ఫ్యాక్టరీకి భాగాలు చేసిచ్చి ఆ పేరు పెట్టుకొన్నారనీ, ఆ బండ్లు మదరాసులో తయారుకావడం 1955లో మొదలయిందనీ చెప్పేసరికి వాడికి నామీద గౌరవం పెరిగింది.

యింకొక తమాషా. మన యీ మాసపత్రికను కూడా యింగ్లీషులో మ్యాగజీను అంటారు గదా! రెంటికీ మూలం అరబ్బీలో కొట్టు, గిడ్డంగి అనే అర్థమిచ్చే మాట. 1731లో లండనులో 'జెంటిల్‌మన్స్ మ్యాగజీన్' వెలువడినప్పటి నుంచి పత్రికలకు ఆ పేరు అంటుకొన్నది. వొకదానిలో తూటాలు దాస్తారు, యింకొకదానిలో మాటలు.

తుప్పు వదిలేసరికి డబ్బా వొకపక్క నున్నగా అరిగిన గాడి కనబడింది. అది ఫ్యాక్టరీలో పడిన గుర్తు కాదు. చిన్నాయనను పిలిచి చూపినాను. ఆయన దానిని చేతిలోకి తీసుకొని చాలాసేపు మాట్లాడలేదు. "యిది నాయన మగ్గానికి కట్టిన బరువు రా. పడుగు బిగువుగా నిలవడానికి తాడు కట్టి వేలాడదీసేవాడు. పెట్టెతో పాటు వూరికే వచ్చిందని చెప్పేవాడు" అన్నాడు. మా నాయన చదువు, మేనత్తల పెండ్లిండ్లు, అన్నీ ఆ మగ్గం మీదనే జరిగినవి. దానిని అద్దాల బీరువాలో పెట్టాలని అప్పుడే నిశ్చయించుకొన్నాను. అబ్బాయి ఫోనులో ఫోటో తీసి స్నేహితులకు పంపబోయినాడు.

ఆ వేళకు మా వీధిలోని సుబేదారు మామ వచ్చినాడు. పట్టాళంలో పనిచేసి పింఛను పుచ్చుకొన్న మనిషి. చూసినాడు, స్ప్రింగు నొక్కి మెచ్చుకొన్నాడు. తరువాత మెల్లగా, "ఫోటో పంపవద్దు అబ్బాయ్. యిది ఆటవస్తువు కాదు. దీనికి లైసెన్సు వుందా?" అన్నాడు.

"తుపాకి లేదు కదా మామా, వుట్టి డబ్బాయే" అన్నాను.

"తుపాకి భాగమూ ఆయుధమే" అన్నాడు మామ.

నేను గుమాస్తాను. చదువు మెట్రిక్కే అయినా కాగితం చదవడం నా వృత్తి. ఆ రాత్రి చూసినాను. 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షనులో ఆయుధమనే మాటకు అర్థం చెబుతూ, ఆయుధాల భాగాలను కూడా కలిపినారు. మామ చెప్పినది నిజం. నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు యింట్లో పెద్ద ఆలోచన సభ. మా బావ, "చీకటి పడినాక చెరువులో వేసి రా, పీడ విరగడవుతుంది" అన్నాడు. మా ఆవిడ గుజిరి అంగడికి పాతయినుముతో కలిపి వేయమన్నది. చిన్నాయన, "డెబ్బైయేళ్ళుగా యెవరూ అడగలేదు, యిక మీద యెవరడుగుతారు? మళ్ళీ గుడ్డలో చుట్టి అడుగున పెట్టు" అన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. అది తండ్రి చేతి గుర్తు.

నాకూ పెట్టాలనే వుంది. స్టేషను మెట్లెక్కని వంశం మాది. వీధిలో నలుగురు చూస్తే యేమనుకొంటారు? ఆఫీసులో తెలిస్తే? అంత శ్రమపడి బాగుచేసినది పరాయిపాలు చేయడమా? కాని అబ్బాయి నా ముఖమే చూస్తున్నాడు. వుస్తాద్ మాట గుర్తుకు వచ్చింది. తుప్పు వదిలించి నూనె రాసినాను సరే, వుప్పు మాత్రం లోపలనే వుంది. తెలియనంతకాలం అది తాత బరువు. తెలిసిన తరువాత దాచితే అది నా దొంగతనం. నేను పోయిన తరువాత యే సోదాలోనో వీడి చేతిలో బయటపడితే, వీడేమని జవాబు చెబుతాడు?

అదే చట్టం యిరవైయొకటో సెక్షనులో దారి కూడా వుంది. వుంచుకొనడానికి హక్కులేని ఆయుధాన్ని ఆలస్యం చేయక దగ్గరి పోలీసు స్టేషనులో వొప్పజెప్పాలి. కన్నడంలో అర్జీ రాసినాను. పెట్టె యెలా వచ్చింది, యెప్పుడు దొరికింది, తెలియక శుభ్రం చేసినాను, యివేవీ దాచలేదు. సుబేదారు మామ ముందుగా స్టేషనుకు పోయి చెప్పి వచ్చినాడు. తరువాత ముగ్గురమూ పోయినాము, మామ, నేను, అబ్బాయి. వాడిని యెందుకు తీసుకొనిపోయినారని మా ఆవిడ యిప్పటికీ అడుగుతుంది. వాడు చూడాలనే తీసుకొనిపోయినాను.

అక్కడి అధికారి అర్జీ రెండుసార్లు చదివినాడు. నా చొక్కా చెమటకు తడిసిపోయింది. "యిన్నాళ్ళు యెందుకు తేలేదు?" అన్నాడు. "నిన్న రాత్రే తెలిసిందండీ" అన్నాను. ఆయన డబ్బాను తిప్పి చూసి, "యింత శుభ్రంగా తెచ్చినవారు లేరు" అని నవ్వినాడు. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది. మహజరు రాయించినారు. రాస్తున్న కానిస్టేబులు గాడి చూసి యిదేమిటని అడిగితే, మా అబ్బాయి నాకంటె ముందుగా, "మా ముత్తాత మగ్గం తాడు వొరుసుకొన్న గుర్తు సార్" అన్నాడు. ఆయన యథాతథంగా రాసినాడు.

మనలో యెన్నో కుటుంబాలు తరాల క్రితమే యీ సీమకు వచ్చి స్థిరపడినవి. వారి అటకల మీద యిటువంటి పెట్టెలు యింకా వుండవచ్చు. తెరిచి చూడండి. యిత్తడి బిందె అయితే తోమి వాడుకోండి. తుపాకి ముక్కో, తూటాయో అయితే నావలె తుడవడానికి కూర్చోకండి. తూటాను అసలు కదిలించకండి. కబురంపితే వారే వచ్చి తీసుకొనిపోతారు. చెరువుకు, గుజిరి అంగడికి వెయ్యకండి, అక్కడ అది మరొకరి బిడ్డ చేతిలో పడుతుంది.

కరగనాటికి యింటికి సున్నం పడింది. మిలిటరీ పెట్టెకు పచ్చరంగు వేయించి మళ్ళీ తాత లెక్కపుస్తకాలు సర్దినాను. అన్నిటికీ పైన స్టేషనువారిచ్చిన రశీదు, మహజరు నకలు పెట్టినాను. చిన్నాయన కళ్ళజోడు పెట్టుకొని, తాడు గుర్తు రాసిన ఆ వొక్క వాక్యాన్ని కన్నడంలో చదివించుకొన్నాడు. మళ్ళీ వొకసారి చదవమన్నాడు. మా తాత నేసిన చీరె వొక్కటీ మా యింట మిగలలేదు. ఆయన మగ్గం నేసినాడని చెప్పే సర్కారు కాగితం మాత్రం యిప్పుడు వొకటి వుంది.