మే నెల ఫోను

మే నెలలో కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఒక్క క్షణం ఆగి ఎత్తుతాను. మిగతా నెలల్లో ఆ బెరుకు ఉండదు. చెట్లు పూసేది అప్పుడే కదా. ఐదారేళ్ళ కిందట మా దగ్గర మొక్కలు పట్టుకెళ్ళినవాళ్ళకి, తాము కొన్నదేమిటో తెలిసొచ్చేది ఆ నెలలోనే.

"నర్సరీ గారేనాండీ? మీరు ఎర్ర తురాయి అని నలభై మొక్కలిచ్చారు. ఇవాళ పొద్దున్న చూస్తే అందులో పన్నెండు పచ్చగా పూశాయండి. పచ్చ అంటే ఆకుపచ్చ కాదు, పసుపుపచ్చ."

ఏలూరు అవతల ఒక కాలనీ పెద్దాయన. గొంతులో కోపం లేదు. అదే వచ్చిన ఇబ్బంది. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

బెండ విత్తనం తేడా వస్తే రెండు నెలల్లో తెలిసిపోతుంది. వరి విత్తనమైతే పంట చేతికొచ్చేలోపు. మా తప్పు అలా కాదు. ఏళ్ళ తరబడి నీళ్ళు తాగి, గెత్తం తిని, చుట్టూ కంచె కట్టించుకుని, ఇంటి కప్పు దాటి ఎదిగి, అప్పుడు బయటపడుతుంది. అదీ వీధి పొడుగునా, అందరికీ కనపడేలా.

మాది కడియం పక్కన. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వెళ్ళే జాతీయ రహదారికి అటూ ఇటూ వేమగిరి, కడియపులంక, బుర్రిలంక, ఎటు చూసినా నర్సరీలే. మా నాన్న ముప్పై సెంట్లలో మల్లె, కనకాంబరం నారుతో మొదలెట్టాడు. నేను చేతికొచ్చాక చెట్ల మొక్కల్లోకి దిగాం. గోదావరి ఒండ్రు మాకు దేవుడిచ్చిన వరం అని పేపర్లలో రాస్తూ ఉంటారు. నిజమే గానీ, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బోరు మోటారు శబ్దం వింటూ రాత్రంతా కూర్చునేవాడికి ఆ వరం సంగతి అంత తొందరగా గుర్తుకు రాదు.

ఆ పన్నెండు మొక్కలు ఎలా కలిశాయో నాకు తెలుసు. ఆ ఏడు ఒక రాత్రి కుండపోతగా కురిసింది. తురాయి మడి పల్లంలో ఉంది, పక్కనే కొండచింత మడి. నీళ్ళు కవర్ల మెడదాకా వచ్చేసరికి దొరికినవాళ్ళనందరినీ పిలిచి, టార్చి లైట్ల వెలుగులో కవర్లు మోసి గట్టు మీదకి చేర్చాం. పేరు రాసిన రేకు ముక్కలు వరదలో పోయాయి. మూడో రోజు ఏలూరు లారీ వచ్చి నిలబడింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను మొక్కల ఎత్తు చూశానే తప్ప ఆకు మొదలు చూడలేదు.

ఆకు మొదలు ఎందుకు చూడాలో చెప్పాలి. ఎర్ర తురాయి, కొండచింత, జకరండా. జానెడు ఎత్తున ఈ మూడూ పక్కపక్కన పెడితే కొత్తవాడికి మూడూ ఒకటే. మూడింటికీ ఈకల్లాంటి ఆకు, చింతాకు కన్నా సన్నని రెబ్బలు. పూసినప్పుడు ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి ఊదా. అన్నీ తెలిసే పువ్వు మాత్రం మా దగ్గర ఉన్నన్నాళ్ళూ రాదు.

ముందు జకరండాని పక్కకి తీసేయాలి. అది తేలిక. దాని ఆకులు కాండం మీద ఎదురెదురుగా జంటగా వస్తాయి, రెబ్బ కొసన ఉండే ఒంటి చిట్టి ఆకు తక్కినవాటి కన్నా పొడుగ్గా, మొనదేలి ఉంటుంది. తురాయి, కొండచింతలకి ఆకులు ఒకటి అటూ ఒకటి ఇటూ వస్తాయి. ఇక ఈ రెండింటి మధ్యే తగువు. లేత చిగురుని బొటనవేలితో రాయాలి. ఇనప తుప్పు రంగులో మఖమల్ గుడ్డలాంటి నూగు తగిలితే కొండచింత. దాని చిట్టి ఆకులు కాస్త పెద్దవి, ముదురు రంగువి, కొసన చిన్న నొక్కు. తురాయిదైతే లేత ఆకుపచ్చ, నున్నగా. అప్పటికీ అనుమానం ఉంటే ఆకు కాడ కాండానికి అతికే చోట చూడాలి. తురాయికి అక్కడ రెండు పక్కలా దువ్వెన పళ్ళలా చీలిన చిన్న ఈకలు ఉంటాయి. ముదిరాక రాలిపోతాయి కాబట్టి కొస ఆకుల దగ్గరే వెతకాలి. ఇప్పుడు మా దగ్గర లారీ ఎక్కే ప్రతి తురాయి మొక్కకీ ఆ దువ్వెన చూస్తాం. డ్రైవరు ఎంత హారన్ కొట్టినా సరే.

మా అబ్బాయి ఫోనుతో ఫొటో తీసి చెట్టు పేరు చెప్పించుకుంటాడు. పూసిన చెట్టయితే అది బాగానే చెబుతుంది. జానెడు కొండచింతని పెడితే ఒకసారి తురాయి అంది, ఇంకోసారి తుమ్మ అంది. నాకు లోపల కొంచెం సంతోషమే వేసింది.

అసలు గింజ దగ్గర ఈ గందరగోళమే లేదు. తురాయి కాయ మూరెడు పొడుగు, చెక్కలా గట్టిది, ఎండితే పిల్లలు కత్తి యుద్ధాలు చేసుకుంటారు. కొండచింత కాయ వేలెడు పొడుగు, పలచన, రాగి రంగు. తురాయి గింజని ఊరికే మట్టిలో వేస్తే ఎప్పుడు మొలుస్తుందో దాని ఇష్టం, పెంకు అంత గట్టిది. మరిగిన నీళ్ళు దించి గింజల మీద పోసి మర్నాటిదాకా వదిలేస్తాం. మర్నాడు గిన్నెలో రెండు జాతులు కనపడతాయి. ఉబ్బి, మీద పొర జిగటగా మారినవి కొన్ని. నిన్నటిలాగే గులకరాళ్ళలా ఉన్నవి కొన్ని. ఉబ్బినవి వెంటనే కవర్లోకి. గులకరాళ్ళని మా అమ్మ ముందేసుకుని కూర్చునేది. గోళ్ళు తీసే కత్తెరతో కన్ను లేని వైపు కొసన చిటికెడు పెంకు కొరికించి మళ్ళీ నానబెట్టేది. అలా కొరికించిన గింజలు వారం పది రోజుల్లో లేచేవి. ఆవిడకి కళ్ళు మసకబారాక కూడా వేలి కొసతో తడిమి కన్ను ఎటుందో పోల్చేది.

రేల గింజల పని ఇంకో రకం. నల్లటి కర్రలాంటి కాయని పగలగొడితే లోపల నాణేలు పేర్చినట్టు బిళ్ళలు, బిళ్ళల మధ్య తారులాంటి గుజ్జు. ఒక పూట ఆ పని చేస్తే రెండు రోజులు అన్నం ముద్దకి ఆ వాసనే.

పేర్ల తగువు ఇంకా పెద్దది. "అశోక చెట్లు కావాలండీ" అని వస్తారు. నిటారుగా పెరిగేదా, పూలు పూసేదా అని అడుగుతాను. చాలామందికి ఆ ప్రశ్నే కొత్త. ప్రహరీల వెంట ఆకులు కిందకి వేలాడేసుకుని గొడుగు ముడిచినట్టు నిలబడేది నరమామిడి. దాని పువ్వు లేత ఆకుపచ్చ, ఆకుల్లో కలిసిపోతుంది. సీత కూర్చున్న అశోకం వేరు. నారింజ రంగులో గుత్తులు విచ్చి, రోజులు గడిచేకొద్దీ ఎర్రబడతాయి. కొమ్మల మీదే కాదు, ముదురు మాను మీద కూడా పూస్తుంది. దానికి లేతప్పుడు నీడ కావాలి, కాళ్ళ దగ్గర చెమ్మ ఆరకూడదు. గింజ చెట్టు నుంచి దిగిన కొన్నాళ్ళకే వేయాలి, దాచుకుంటే చచ్చిపోతుంది. ఇదంతా చెబితే "అయితే ఆ నిటారుదే ఇవ్వండి" అంటారు. ఇస్తాను. బిల్లు మీద మాత్రం నరమామిడి అనే రాస్తాను.

దేవకాంచనం దగ్గర నాకు చదువు చెప్పింది ఒక వ్యవసాయ కాలేజీ అమ్మాయి. నేను ఆకు చూసి, గిట్టలా చీలి ఉంది కాబట్టి కాంచనం అని సరిపెట్టేవాణ్ణి. ఆ అమ్మాయి పువ్వు కోసి అరచేతిలో పెట్టుకుని, "కేసరాలు లెక్కపెట్టండి మావయ్యగారూ" అంది. మూడు. రెక్కలు సన్నగా, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉన్నాయి. అది దసరా దీపావళి రోజుల్లో ఆకుల మధ్యే పూసే రకం. పక్క చెట్టు సంక్రాంతి వెళ్ళాక ఆకు రాల్చి పూస్తుంది, దానికి కేసరాలు ఐదు, రెక్కలు వెడల్పుగా ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉంటాయి. ముప్పై ఏళ్ళుగా రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతున్నాను.

మూడోది కూడా ఉంది. హాంకాంగ్ జెండా మీద కనపడే పువ్వు. అది ఆ రెండింటి సంకరం, అసలు కాయే కాయదు. హాంకాంగ్ తీరాన ఒక ఫ్రెంచి క్రైస్తవ గురువు కంటపడ్డ చెట్టు నుంచి కొమ్మలు తీసి అంట్లు కడుతూ పోగా ప్రపంచమంతా పాకింది. ఎవరైనా దాని విత్తనాలున్నాయి కొంటారా అంటే, ఆ మనిషితో ఇంకేమీ కొనక్కర్లేదని అర్థం. ఆకాశమల్లె కూడా మన దగ్గర కాయడం అరుదు. దాన్ని వేరు పిలకలతోనే పెంచుతాం. ఇంటి పునాది పక్కన వేసుకోవద్దని చెబుతాను, పిలకలు ఎక్కడ లేస్తాయో చెప్పలేం కాబట్టి.

చెట్టు పూయకపోవడం ఇంకో రకం తగువు. కాకినాడ నుంచి ఒకాయన వచ్చాడు. కొడుకు దక్షిణాఫ్రికాలో ప్రిటోరియాలో ఉంటాడట. అక్కడ అక్టోబరులో వీధులన్నీ ఊదా రంగులో ఉన్న ఫొటోలు చూపించాడు. "ఇవే కావాలి, పది." జకరండా మొక్కలు మా దగ్గరున్నాయి, అమ్మితే ఆ పూట బేరం బాగుండేది. కానీ దానికి కొంచెం చలి, పొడి గాలి కావాలి. బెంగళూరులో విరగబూస్తుంది, హైదరాబాదులో ఫరవాలేదు. మా సముద్రపు ఉక్కలో ఆకు దట్టంగా వేస్తుంది, పువ్వు మాత్రం పిసినారిలా విదిలిస్తుంది. ఊదా రంగే కావాలంటే వరగోగు వేసుకోండి, మన గాలికి అలవాటు పడ్డది, నీళ్ళు నిలిచినా తట్టుకుంటుంది అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. ఫొటోలో ఉన్నది అది కాదు కదా. చివరికి ఎనిమిది వరగోగులు, రెండు జకరండాలు తీసుకెళ్ళాడు.

నన్నడిగితే రంగుల చెట్లంటే సముద్రాలు దాటి రావాలనే పట్టింపే తప్పు. తురాయి మడగాస్కర్‌ది, సరే, ఇప్పుడది మన స్కూలు ఆవరణల చెట్టయిపోయింది. కానీ రేల, మోదుగ, కొండగోగు, బూరుగ మన గుట్టల మీద ఎవరూ నీళ్ళు పోయకుండానే పూస్తున్నాయి. తెలంగాణలో 2015లో హరితహారం మొదలయ్యాక అటునుంచి రేల కోసం అడగడం పెరిగింది. మోదుగ మాత్రం నర్సరీవాడి ఓపిక చూస్తుంది. మొదటి ఏళ్ళల్లో పైకాండం ఎండిపోయి, మళ్ళీ మొదలు నుంచి చిగురు వేస్తూ ఉంటుంది. కొన్నవాళ్ళు చచ్చిపోయిందని పీకేస్తారు. లోపల వేరు బతికే ఉంటుంది.

వేరు అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నం వెళ్ళాను. పడిన తురాయిలు రోడ్డుకి అడ్డంగా. తురాయి వేళ్ళు పైపైనే పాకుతాయి, కొమ్మ పెళుసు, గాలికి ఆగదు, అది తెలిసిందే. కానీ ఒక చెట్టు దగ్గర ఆగిపోయాను. పాతికేళ్ళదైనా ఉంటుంది. పెళ్ళగిలిన మొదట్లో లావాటి వేరు గుండ్రంగా రెండు చుట్లు తిరిగి ఉంది, అచ్చం కవరు అడుగు ఆకారంలో. చిన్నప్పుడు కవర్లో చుట్టుకున్న వేరు అలాగే లావెక్కింది. ఎవరి నర్సరీ మొక్కో తెలియదు. మాదే కావచ్చు. అప్పటినుంచి ఏడాది దాటిన మొక్కని పాత కవర్లోనే ఉంచి అమ్మడం మానేశాను. పెద్ద కవరుకి మారుస్తాం, చుట్టుకున్న వేరుంటే అప్పుడే కోసేస్తాం. ఖర్చు పెరిగింది, బేరమాడేవాళ్ళు పక్క నర్సరీకి పోతున్నారు. పోనీ.

ఏలూరు సంగతి. ఫోనొచ్చిన మర్నాడే వెళ్ళాను. కొండచింతలు కొట్టేసి కొత్తవి వేస్తారేమో, నష్టం ఎంత అడుగుతారో అని దారంతా లెక్కలే. వీధిలో దిగేసరికి ఎరుపు, ఎరుపు, పసుపు, ఎరుపు, మళ్ళీ రెండు పసుపు. వరస లేదు. కింద రెండు రంగుల రేకులూ కలిసిపోయి, ఒకావిడ చీపురుతో ఊడుస్తూ విసుక్కుంటోంది. కొట్టొద్దని పిల్లలు పట్టుబట్టారట. పెద్దాయన మాత్రం పార్కు అంచున ఎర్రవి పది వేసి తీరాలన్నాడు. డబ్బు పుచ్చుకోకుండా పది పంపాను, దువ్వెన ఈకలు ఒక్కోదానికీ స్వయంగా చూసి.

అవి నాటి ఐదేళ్ళు దాటింది. మొన్న ఏప్రిల్‌లో ఏలూరు మీదుగా వస్తూ ఆ కాలనీలోకి బండి తిప్పాను. తొమ్మిది చెట్లు ఉత్త ఆకులతోనే ఉన్నాయి. పదోదాని కొమ్మ కొసన మొగ్గల గుత్తి. మొగ్గ మీద తుప్పు రంగు నూగు లేదు, నున్నగా, ఆకుపచ్చగా ఉంది. అయినా ఉండబట్టలేక కొమ్మ వంచి ఒక మొగ్గ తుంచి గోటితో చీల్చాను. లోపల మడతలు మడతలుగా ఎరుపు.

"ఏవండోయ్, పూలు కోయకూడదు!" అని గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ కేకేశాడు.